నూనెలో గాలి

ఆ వానాకాలమంతా మా ఇంట్లో గాలి కోసం వెతికాం. కిటికీలోంచి వచ్చే గాలి కాదు. చిటికెన వేలంత సిలిండర్లలో, సన్నటి గొట్టాల్లో, అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నూనె ట్యాంకులో ఎక్కడో చిక్కుకుపోయి ఉందని మేం ముగ్గురం నమ్మిన గాలి. నమ్మాం అనడం కూడా పూర్తిగా నిజం కాదేమో. నమ్మడానికీ, నమ్మినట్టు ఉండటానికీ మధ్య ఇరుకైన చోటొకటి ఉంటుంది. ఒక కుటుంబం అందులో సర్దుకుని ఒక కాలమంతా గడిపేయగలదు.

నాన్న మట్టి తవ్వే పెద్ద బండి నడిపేవాడు. బయటివాళ్లు ప్రొక్లెయినర్ అంటారు, ఆయన మాత్రం ఎప్పుడూ బండి అనే అన్నాడు. నేలలో పాతుకుపోయిన గాజు సీసా చుట్టూ, సీసా పగలకుండా, బండి బకెట్‌కున్న ఇనప పళ్లతోనే మట్టి తీసేస్తాడని సైటులో చెప్పుకునేవారు. వానలు ఇంకా మొదలవకముందు, ఒకరోజు కందకంలోకి సిమెంటు గొట్టం దించుతుంటే బకెట్ ఉన్నట్టుండి అదిరింది. వేలాడుతున్న గొట్టం ఊగి కందకం గోడకు కొట్టుకుంది. కింద నిలబడ్డ మనిషి పక్కకు దూకాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న కేబిన్‌లోంచి దిగి, "వాల్వు పట్టేసింది," అన్నాడు. వాల్వు విప్పి చూశారు. శుభ్రంగా ఉంది. అయినా కొత్తది వేశారు.

సూపర్‌వైజర్ ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. "వానలు పడితే ఎలాగూ పని ఆగిపోతుంది గురువుగారూ, అప్పటిదాకా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోండి," అన్నాడు. మళ్లీ పని మొదలయ్యేటప్పుడు అదే కందకంలో, అలాంటి గొట్టమే, అందరి ముందూ దించి చూపించాలి. సరిగ్గా దించితే కేబిన్ ఆయనది. లేకపోతే కాదు. ఈ రెండో మాట ఎవరూ పైకి అనలేదు.

పని లేకుండా ఇంట్లో ఉన్న మనిషి గదులన్నీ ఆక్రమిస్తాడు. నాన్న తలుపుల బందులకు నూనె వేశాడు, మంచం కోళ్లు సరిచేశాడు, కుళాయిలన్నీ విప్పి బిగించాడు. చివరికి అమ్మ చేతులెత్తేసింది.

"ఏవండీ, ఇంకొన్నాళ్లిలాగే ఉంటే నన్ను కూడా విప్పి బిగించేలా ఉన్నారు. ఆ రిమోటు బళ్లేవో అమ్ముతారని ఎప్పుడూ అంటారుగా, ఒకటి తెచ్చుకోండి. మీ చేతులకి పని, నా ప్రాణానికి సుఖం."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడైతే నయం. మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడు."

మర్నాడు నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి నాన్న ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ షాపు ఒక కళ్లద్దాల కొట్టు పైన ఉంది. ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. పైకప్పుకు చిన్న విమానాలు వేలాడుతున్నాయి. అద్దాల అరల్లో పసుపురంగు లారీలు, మట్టి తోసేవి, ఎత్తేవి, తవ్వేవి. యజమాని నుదుటి మీదకు భూతద్దం ఎత్తిపెట్టుకుని ఉన్నాడు. ఎవరొచ్చినా ముందు వాళ్ల చేతుల వంక చూడటం ఆయన అలవాటులా ఉంది. నాన్న కుడిచెయ్యి జేబులో ఉంది.

"బల్ల మీద ఆడించుకుంటారా సార్, పెరట్లోనా?"

"ఎందుకు?"

"బల్ల మీదైతే కరెంటుది తీసుకోండి. లోపల మోటార్లు, మరలు. శుభ్రం. నూనెది అయితే కారుతుంది. నిజం చెప్తున్నాను, ఎంత బిగించినా ఎక్కడో ఓ చుక్క కారుతుంది. అప్పుడు ఇంట్లో అమ్మగారు మిమ్మల్ని వదిలేసి నన్ను తిడతారు."

"పెద్దదీ కారుతుంది," అన్నాడు నాన్న.

షాపాయన కరెంటు బండిని బల్ల మీద పెట్టి రిమోటు అందించాడు. నాన్న ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో దాని మీది మీట వెనక్కి లాగాడు. బండి పొడవాటి చెయ్యి, బూమ్, పైకి లేచింది. ఒకే వేగంతో, ఒకే చప్పుడుతో, తడబాటు లేకుండా.

"చూశారా, ఎంత సాఫీగా లేచిందో!"

"దాని మానాన అది లేచింది," అన్నాడు నాన్న. "నేను ఎలా లాగానో దానికి అక్కర్లేదు."

తర్వాత నూనెది. పంపు ఆన్ చేయగానే సన్నటి కూత మొదలైంది. షాపాయన రిమోటు ఇవ్వబోతే నాన్న తీసుకోలేదు. "మీరే ఆడించండి. నేను వినాలి." తల పక్కకు వంచి కళ్లు మూసుకున్నాడు. బకెట్ బల్ల మీదున్న ఇసుక పళ్లెంలోకి దిగినప్పుడు పంపు గొంతు బరువెక్కింది, లేచినప్పుడు తేలికైంది. నాన్న పెదవులు కొద్దిగా విచ్చుకున్నాయి. దూరంగా వెళ్లిపోయిన మనిషి గొంతు ఫోన్లో వింటున్నప్పుడు అమ్మ ముఖం అలా ఉండటం నేను చూశాను.

"ఇదే. కానీ కట్టింది వద్దు. విడిభాగాలు ఇవ్వండి, నేనే కట్టుకుంటాను."

"సార్, దీన్లో రబ్బరు రింగులు ఆవగింజలంత ఉంటాయి. చేతులకి..." షాపాయన ఆగి, అర మీద ఏదో సర్దాడు. "ఓపిక కావాలి," అని ముగించాడు.

భోజనాల బల్ల సగం నాన్నదైపోయింది. మిగిలిన సగంలో మేం ముగ్గురం తినేవాళ్లం. ఇనప పలకలు, చిన్న చిన్న పిన్నులు, వాల్వుల దిమ్మె, నూలుదారాల్లాంటి గొట్టాలు ఒక పాత దుప్పటి మీద వరసగా పరిచి ఉండేవి. బయట వాన పట్టుకుంటే వదిలేది కాదు. నేను ఇంటికి వచ్చి తడిసిన గొడుగు మూలన పెట్టేసరికి ఆయన అక్కడే ఉండేవాడు.

"మీ చంటిదానికి ఇవాళ ఏం మొలిచింది?" అని అడిగేది అమ్మ. మొదటి రోజు నుంచీ దాని పేరు చంటిది.

"ఆర్మ్ సిలిండర్."

"పళ్లెప్పుడు?"

"బకెట్ ఆఖర్న."

"అంతా చివర్నుంచి మొదటికి. ఊళ్లన్నీ తవ్వి తవ్వి ఇక తవ్వడానికేం లేక నా భోజనాల బల్ల తవ్వుతున్నారు."

రబ్బరు రింగుల దగ్గరికి వచ్చినప్పుడు నాన్న నన్ను పిలిచేవాడు. "నీ కళ్లు మంచివి, నువ్వు పెట్టు," అనేవాడు. ఆయన కళ్లు నా కళ్లకంటే మంచివి. నేను రింగును పటకారుతో పట్టుకుని గాడిలో కూర్చోబెడుతుంటే, మెలి తిరగకుండా ఎలా ఒత్తాలో పక్కనుంచి చెప్పేవాడు. ఆ కొద్ది రోజుల్లో ఆయన నాతో మాట్లాడినంతగా ఎప్పుడూ మాట్లాడలేదు. అంతా నూనె గురించే. నూనె నలగదు, అందుకే ఈ చివర తోస్తే ఆ చివర కదులుతుంది అన్నాడు. గాలి నలుగుతుంది. అందుకే నూనెలో గాలి చేరితే బండి మనిషి మాట తిన్నగా వినదు, తడబడుతుంది.

కట్టడం పూర్తయిన రోజు సెలవురోజు. అమ్మ బట్టలు నానబెట్టే తొట్టిలో సగం దాకా ఇసుక పోసి, మధ్యలో కందకంలా తీశాం. ఒక ఇనప గొట్టం ముక్కను దారంతో బకెట్‌కు కట్టాడు నాన్న. పంపు కూతపెట్టింది. రెండు చేతులతో రిమోటు పట్టుకున్నాడు.

బూమ్ లేచింది. వణుకుతూ లేచింది.

గొట్టం ముక్క దారం చివర అటూ ఇటూ కొట్టుకుంది. దాని నీడ గోడ మీద ఇంకా పెద్దగా కొట్టుకుంది.

"గాలి," అన్నాడు నాన్న.

"గాలే అయ్యుంటుంది," అన్నాను.

"మొదట అలాగే ఉంటుందేమో," అంది అమ్మ.

ట్యాంకు మూత తీసి, సిలిండర్లన్నిటినీ ఈ చివర్నుంచి ఆ చివరికి మళ్లీ మళ్లీ నడపాలి. చిక్కుకున్న గాలి నురగై పైకి వస్తుంది. ఆ రోజు నిజంగానే వచ్చింది. తెల్లటి సన్నటి నురగ. "చూడు, చూడు," అన్నాడు నాన్న, నా భుజం పట్టుకుని వంచి. బుడగలు ఒక్కొక్కటే పగిలిపోతుంటే ఆయన వాటిని పేరుపేరునా సాగనంపుతున్నట్టు చూశాడు.

నేను చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడగానే మీట నొక్కమంటాను. కొందరు నేను ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కుతారు. మోసం చేయాలని కాదు. వినబడాలని ఎంతగా కోరుకుంటారంటే ఆ కోరికే వాళ్ల చెవిలో మోగుతుంది. అలాంటివాళ్ల ముఖంలో ఒక వెలుగు ఉంటుంది. నిజంగా విన్నవాళ్ల ముఖంలో అది ఉండదు, వాళ్లు మామూలుగా ఉంటారు. నురగ చూస్తున్న నాన్న ముఖంలో ఆ వెలుగు ఉంది. అద్దంలో చూసుకోలేదు గానీ నా ముఖంలోనూ ఉండే ఉంటుంది.

మర్నాడు నురగ రాలేదు. వణుకు మాత్రం ఉంది.

ఆ తర్వాతి వారాలు నాకు ఒకే సాయంత్రంలా గుర్తున్నాయి. నూనె మార్చాం. పలచటి నూనె తెచ్చాం, మళ్లీ చిక్కటిది తెచ్చాం. గొట్టాలన్నీ కోసి కొత్తవి వేశాం. వాల్వులను తిప్పే చిన్న మోటార్లను విప్పి, వాటికున్న సన్నటి కడ్డీలు సరిచేసి, మళ్లీ బిగించాం. ఇంట్లో గాలి అనే మాటకు ఒక స్థానం ఏర్పడింది.

"ఇవాళ గాలి ఎలా ఉందండీ?" అనేది అమ్మ, వాతావరణం అడిగినట్టు.

"తగ్గింది."

లేదా, "ఇవాళ కాస్త ఎక్కువే ఉంది."

అమ్మ ఆయన కప్పులో టీ సగమే పోయడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. ఆయనా అడగలేదు. రెండోసారి మళ్లీ సగం పోసేది. చొక్కా గుండీలు ఆయన స్నానానికి వెళ్లకముందే పైవి రెండూ వదిలేసి మిగతావి పెట్టి ఉంచేది, తల మీంచి తొడుక్కోవడానికి వీలుగా. ఇదంతా ఒక్క మాట లేకుండా జరిగేది. అమ్మకు తెలుసని నేను ఆయనకు తెలియనివ్వకూడదు అనుకున్నాను. నాకు తెలుసని ఆయన అమ్మకు తెలియనివ్వకూడదు అనుకుని ఉంటాడు. ఒకరి నుంచి ఒకరం ఒకే వస్తువును దాస్తూ, ముగ్గురం బల్ల చుట్టూ వంగి నూనెలోకి చూసేవాళ్లం.

రింగుల కోసం మళ్లీ షాపుకు వెళ్లాను. ఒక్కదాన్నే.

"ఇన్ని రింగులేంటమ్మా, కూరలో వేసుకుంటున్నారా?" అన్నాడు షాపాయన. తర్వాత భూతద్దం కళ్ల మీదకు దించుకుని, నా వైపు చూడకుండా అడిగాడు. "వేరే ఎవరైనా నడిపి చూశారా?"

"లేదు. నాన్నదే కదా, మేం ముట్టుకోం."

"ముట్టుకుని చూడండి."

ఆయన రింగులు పొట్లం కట్టాడు.

"రిమోటులో ఒక వీలుంది. చేతి కదలికను అది కాస్త మెత్తబరిచి పంపుతుంది. అదురూ బెదురూ ఉంటే మింగేస్తుంది. కావాలంటే తీసుకురండి, పెట్టిస్తాను." పొట్లం చేతికిచ్చి, "చాలామందికి పెట్టిస్తుంటాను," అని కలిపాడు. అది అబద్ధమని, మంచివాడు చెప్పే అబద్ధమని అర్థమైంది.

ఇంటికి వచ్చి రింగులు ఇచ్చాను. ముట్టుకోలేదు.

ముట్టుకున్నది అమ్మ. అదీ కావాలని కాదు. ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నాన్న చేతులకు అంటిన నూనె కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. పంపు ఆపలేదు. అమ్మ బల్ల తుడవడానికి వచ్చింది. "జరుగు చంటీ, నీ కింద అంతా జిడ్డు," అంటూ రిమోటు చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టడానికే. బొటనవేలు మీటకు తగిలింది. బూమ్ లేచింది.

"అరె! నా మాట కూడా వింటోందే!"

నవ్వుతూ మళ్లీ లాగింది. గొట్టం ముక్క ఇసుకలోంచి లేచి దారం చివర నిలబడింది. గీత గీసినట్టు, నిటారుగా. నీడ కూడా గోడ మీద కదలకుండా ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. తల తిప్పేసరికి పెరటి గుమ్మంలో నాన్న ఉన్నాడు. చేతులకు సబ్బు నురగ ఇంకా ఉంది.

"ఏవండీ, గాలి పోయిందండీ!" అంది అమ్మ. చిన్నపిల్లలా గట్టిగా మొదలైన ఆ మాట చివరికి వచ్చేసరికి గుసగుసలా అయిపోయింది. తను ఏమన్నదో మాట మధ్యలో ఆమెకు అర్థమైంది.

నాన్న గొట్టం ముక్క వైపు చూశాడు. తర్వాత అమ్మ చేతుల వైపు చూశాడు. గిన్నెలు తోమి, బట్టలు పిండి, ఎప్పుడూ ఏ బండీ నడపని చేతులు.

"పోయింది," అన్నాడు. తువ్వాలు తీసుకుని చేతులు నెమ్మదిగా తుడుచుకున్నాడు. "ఇప్పుడు దించు. కుడిచేతిది. వెనక్కి కాదు, ముందుకి."

"మీరే..."

"దించు, పర్లేదు. మెల్లిగా."

అమ్మ దించింది. ఆమెకు అంచనా తెలియదు, గొట్టం తొట్టి అంచుకు తగిలి, ఇసుకలో అడ్డంగా పడింది. కానీ వణకలేదు.

"బాగుంది," అన్నాడు నాన్న. పంపు ఆపేశాడు.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఎవరం గాలి అనలేదు. ఒక మాట పోయాక ఇంట్లో ఎంత ఖాళీ ఏర్పడుతుందో అప్పుడు తెలిసింది. భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు వినబడేది. నేను రిమోటులో ఉన్న వీలు గురించి చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే నేను ఒకటి చెప్తే అది ఇంకోటి చేస్తుందన్నమాట."

"నువ్వు చెయ్యాలనుకున్నదే చేస్తుంది నాన్నా."

"పెద్ద బండిలో ఉందా అది?"

"లేదు."

"మరి?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అడిగాడు.

ఆ వారంలోనే, ఎవరూ అనకుండానే, "ఒకసారి చూపించుకుంటే పోలా," అన్నాడు. డాక్టరమ్మ ఆయన్ను గది ఆ చివరి దాకా నడిపించింది. వేళ్లు ఒకదానికొకటి తాటించమంది. కాగితం మీద నత్తగుల్లలా చుట్టూ చుట్టూ గీత గీయమంది. గీత అలలు అలలుగా వచ్చింది. జబ్బు పేరు చెప్పింది. మందులతో అణిగి ఉంటుంది, పోదు అంది. ఆ పేరును మేం ఇంటికి తెచ్చుకోలేదు. మాత్రలు మాత్రం తెచ్చుకున్నాం.

మాత్రలు పనిచేశాయి. కష్టమంతా అక్కడే వచ్చింది. మాత్ర వేసుకున్న కాసేపటికి చెయ్యి సద్దుమణిగేది. అప్పుడు నాన్న బల్ల దగ్గరికి వెళ్లి గొట్టం ముక్కను దించేవాడు. కందకం మధ్యలోకి, అంచు తగలకుండా, ఇసుక మీద పెట్టీ పెట్టనట్టు. చూస్తే ఏడుపొచ్చేంత అందంగా. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడుతుంటే మళ్లీ మొదలయ్యేది. ముందు ఒక వేలు, తర్వాత మిగతావి. అంటే మాత్ర వేళ చూసుకుని వెళ్తే ఆ పరీక్ష నెగ్గొచ్చు. ఆ లెక్క మా ముగ్గురికీ తెలుసు. అమ్మ ఒకసారి, ఎవరితోనూ కాకుండా పొయ్యితో అన్నట్టు అంది, "పొద్దున్న పూటే పెట్టుకుంటారట ఆ పరీక్షలవీ." నాన్న విన్నాడు. ఆ రాత్రి భోజనం ఎప్పటికంటే కాస్త ఎక్కువే తిన్నాడు. ఆశ కూడా ఆకలి పుట్టిస్తుంది కాబోలు.

వానలు వెనకబట్టాయి. రోడ్ల మీద నీళ్లు ఇంకిపోయి, బురద గట్టిపడి, చక్రాల జాడలు అలాగే ఎండిపోయాయి. ఒక ఆదివారం సూపర్‌వైజర్ వచ్చాడు. లోపలికి వస్తూనే గుమ్మంలో బూట్లు విప్పి, "అమ్మగారూ, మా గురువుగారు బతికే ఉన్నారా, మీరు మాటలతో చంపేశారా?" అన్నాడు.

"ఇంకా మిగిలారు. నువ్వు తీసుకెళ్తావని దాచాను," అంది అమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

నాన్న అప్పుడు బల్ల దగ్గరే ఉన్నాడు. చెయ్యి మంచి వేళలో ఉంది. సూపర్‌వైజర్ బండి చుట్టూ తిరిగి, గొట్టాలు చూసి, సిలిండర్లు తట్టి, ఈలవేశాడు.

"ఏది, ఓసారి తవ్వండి గురువుగారూ."

నాన్న పంపు ఆన్ చేశాడు. గొట్టం ముక్క లేచింది, తిరిగింది, కందకంలోకి దిగింది. దారం ఒక్కసారి కూడా ఊగలేదు.

"అబ్బ! ఇంకేం కావాలి? ఇంకెందుకు ఆ పరీక్షా గిరీక్షా? నా మాటగా నేను చెప్పేస్తాను. రేపు పొద్దున్నే వచ్చి ఎక్కండి. కందకాల పని చాలా ఉంది, దించేవాడు లేక చస్తున్నాను. కుర్రాళ్లు కింద దిగడానికే భయపడుతున్నారు. మీరు పైనుంటే దిగుతామంటున్నారు."

నాన్న పంపు ఆపి, రిమోటు బల్ల మీద పెట్టాడు.

"కూర్చో. టీ తాగు."

"టీదేముందండీ, చెప్పండి ముందు."

"కూర్చోమన్నానా? వచ్చిన దగ్గర్నుంచీ నిప్పు తొక్కినట్టున్నావ్."

కూర్చున్నాడు. మాట్లాడుకున్నారు. ఎవరు పని మానేశారు, ఎవరికి పెళ్లయింది, ఏ బండి ఇంజను దింపారు. టీ అయిపోయింది. నాన్న ఇంకో కప్పు ఇప్పించాడు. మాత్ర వేళయింది. అమ్మ గ్లాసుతో నీళ్లు, అరచేతిలో మాత్ర పట్టుకుని వచ్చి, అతిథి చూడకుండా ఆయన పక్కన నిలబడింది.

"తర్వాత," అన్నాడు నాన్న.

"వేళయిందండీ."

"తెలుసు. తర్వాత వేసుకుంటాను."

అమ్మ అలాగే నిలబడింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అమ్మ ఆయన్ను ఎన్నో విషయాల్లో ఎదిరించి ఉంటుంది, చాలావాటిలో నెగ్గి ఉంటుంది. ఈసారి గ్లాసు వెనక్కి తీసుకెళ్లిపోయింది.

ఇంకాసేపు మాటలు సాగాయి. నేను ఆయన చూపుడువేలి వంక చూస్తూ కూర్చున్నాను. అది మోకాలి మీద ముందు చిన్నగా, ఏదో పాటకు తాళం వేస్తున్నట్టు కదిలింది. తర్వాత పాట లేదని తెలిసిపోయేలా కదిలింది.

నాన్న లేచాడు. "ఇటు రా. ఇంకోసారి చూద్దువుగాని." పంపు ఆన్ చేశాడు. "ఆ కందకంలో చెయ్యి పెట్టు."

"ఎక్కడ?"

"అక్కడే. గొట్టం కింద. మనిషి నిలబడే చోట."

సూపర్‌వైజర్ నవ్వాడు. నాన్న నవ్వకపోయేసరికి చొక్కా చెయ్యి పైకి మడిచి, ఇసుకలో అరచెయ్యి వెల్లకిలా పెట్టాడు. ఆ గొట్టం ముక్క నా వేలంత లేదు. ఎంత ఎత్తు నుంచి పడినా చర్మం కూడా గీరుకోదు.

నాన్న రెండు చేతులతో రిమోటు పట్టుకున్నాడు. బూమ్ లేచింది. గొట్టం ముక్క గాల్లోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. తొట్టి అంచుకు టక్ మని తగిలి, వెనక్కి వచ్చి, మళ్లీ తగిలింది. నాన్న ఆపలేదు. ముఖంలో ఏ మార్పూ లేకుండా, తన పని తాను చేసుకుంటున్న మనిషిలా, దాన్ని ఆ అరచెయ్యి మీదకు తీసుకొచ్చాడు. దించడం మొదలుపెట్టాడు.

సూపర్‌వైజర్ చెయ్యి వెనక్కి వచ్చేసింది. అతను తీశాడని కూడా అనలేను. అది తనంతట తానే వచ్చేసింది. ఇసుక అంటిన ఆ చేతిని అతను వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు. ముఖం కందిపోయింది. "గురువుగారూ, నేను కావాలని..." అని, మళ్లీ చెయ్యి కందకం వైపు చాపబోయాడు.

"వద్దు," అన్నాడు నాన్న. "నేనైనా తీసేవాణ్ణి."

పంపు ఆపాడు. కూత సన్నబడి సన్నబడి ఆగిపోయింది. గొట్టం ముక్క ఇంకా కాసేపు ఊగింది.

"బండి ఎవరికిస్తున్నావ్?" అని అడిగాడు నాన్న, కుర్చీలో కూర్చుంటూ.

"ఇంకా ఎవర్నీ అనుకోలేదు."

"అనుకో. ఎవరైనా గానీ ఒకటి చెప్పు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆర్మ్ కాస్త బద్ధకిస్తుంది. కొత్తవాడు కంగారుపడి గట్టిగా లాగుతాడు. లాగొద్దను. ఊరికే కాసేపు చాపి ముడవమను. నూనె వెచ్చబడితే అదే దారికొస్తుంది."

"చెప్తాను."

"సీటు కింద ఎడమపక్క బోల్టు వదులవుతుంటుంది. వారానికోసారి చూసుకోమను. కింద మనిషి కనబడకపోతే హారన్ కొట్టి ఊరుకోవద్దను. దిగి చూడమను."

"చెప్తాను గురువుగారూ." సూపర్‌వైజర్ తల వంచుకునే ఉన్నాడు. చేతికి అంటిన ఇసుక దులుపుకోలేదు. "మీరే వచ్చి చెప్పొచ్చుగా. ఒక్క పూట. కుర్రాళ్లు సంతోషిస్తారు."

నాన్న కిటికీ వైపు చూశాడు. బయట ఎండ బాగా కాస్తోంది, తవ్వకానికి పనికొచ్చే ఎండ.

"రాను," అన్నాడు. "వస్తే ఎక్కాలనిపిస్తుందిరా."